జతలేని చెప్పు దిగ్విజయము

మేఘములు వచ్చి, ఒక్కమారు క్రిందికి వంగి చూచి, ఎవరో పిలిచినట్లు కర్ణాటకము దిక్కునకు మరలిపోవు మృగశిర కార్తెయందు. బోరుబావులు పాతాళలోకపు కప్పును తట్టియు గుక్కెడు నీటికి మారుగా గుప్పెడు దుమ్మును గ్రక్కు అనంతపుర పీఠభూమియందు. నీటిని ఎన్నడో మరచి ఇసుకను మాత్రము సొంత ఆస్తివలె కాచుకొనుచున్న చిత్రావతీతీరమునకు అనతిదూరమున, వీథివీథిని మగ్గముల టకటకధ్వానము నిత్యమంగళవాద్యమై వెలయు ధర్మవరమను పట్టుచీరల పట్టణమున, కరెంటు పోయి ఫ్యాను ఆగిన ఒకానొక ప్రభాతవేళ, సుబ్బరత్నమ్మ సెల్‌ఫోను మ్రోగెను. పూర్వకాలపు యుద్ధములు శంఖారావముతో ఆరంభమయ్యెడివి. ఈ యుద్ధము రింగ్‌టోనుతో ఆరంభమైనది. కావున రెండు గీతలంత కటాక్షమునైనను కురిపింపుమని సిగ్నలుదేవతకు చేతులు మోడ్చి, కథలోనికి పోదము.

సుబ్బరత్నమ్మ యనగా సామాన్యురాలు కాదు. తెగిన పట్టుపోగును కన్నెత్తి చూడకయే వ్రేళ్లతో వెదకి ముడివేయు తంతుసంధానధురంధర. మడతను ముట్టినంతనే జరీ అసలుదో నకిలీదో తేల్చు స్పర్శపరీక్షావిశారద. మగ్గము విరిగినను ఇచ్చిన మాట విరుగనీయని సత్యసంధ. ఆమె భర్త నరసింహప్ప మగ్గపు గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నచో ఉలుకు ఉండదు, పలుకు ఉండదు. ఆయనకు కావలసిన మాటలన్నియు మగ్గమే మాట్లాడునని వీథిలో వాడుక.

ఆ దంపతులు, బుక్కరాయసముద్రమున క్రొత్త ఇల్లు కట్టుచున్న జ్యోతిలక్ష్మికి, గృహప్రవేశమునాడు కట్టుకొనుటకై ఒక చీర నేసిరి. వంకాయవన్నె ఒళ్లు, చిలుకపచ్చ అంచు, కొంగునిండ మామిడిపిందెలకు మారుగా జరీతో వేరుశనగకాయలు! తన తండ్రి బ్రదికినన్నాళ్లును ఆకాశమునకు మొగమెత్తి, వానను బ్రతిమాలి, వేరుశనగ పండించినవాడు గనుక ఆయన గురుతుగా చెనిక్కాయలే కావలెనని జ్యోతిలక్ష్మి కోరెను. "ఇట్లాంటిది ముందు నేయలేదు, ఇంక నేయం. దీనికి జత ఉండదు జ్యోతమ్మా" అని సుబ్బరత్నమ్మ మాట ఇచ్చెను. ఆ ఒక్క మాటయే ఈ కథకు ప్రాణము.

చీర మగ్గము దిగిననాడు, వెలుతురు బాగుండునని దానిని వసారాలోని దండెముమీద పరచి, సుబ్బరత్నమ్మ స్వహస్తములతో ఒక ఫోటో తీసి జ్యోతిలక్ష్మికి పంపెను. అక్కడ ఆగియున్నచో ఈ కథ లేదు, మనకు పనియు లేదు. కాని కన్నబిడ్డను నలుగురికి చూపవలెనను మురిపెము ఎవరిని విడిచినది? అదే ఫోటోను ఆమె స్టేటసు పెట్టెను. చూచినవారు చూచిరి, మెచ్చినవారు మెచ్చిరి. ఎవడో ఒకడు మాత్రము మెచ్చి ఊరకుండలేదు.

"ఏమక్కా, దీనికి జత లేదంటివి గదా?" ఫోనులో జ్యోతిలక్ష్మి గొంతు. బాగున్నావా లేదు, తిన్నావా లేదు.

"లేదమ్మా. నీ చీర బీరువాలో ఉండాది. నువ్వొచ్చి తీసకపోవడమే తరువాయి."

"మరి ఫోన్లో అమ్ముతాండారే! అదే అంచు, అవే చెనిక్కాయలు. ఎన్ని కావాలంటే అన్ని ఉండాయంట. అగ్గువకంట. మా ఆఫీసులో ఒకరికొకరు చూపించుకోని నగుతాండారు. ఇంగ గృహప్రవేశం నాడు నేను ఇది కట్టుకుంటే, యాప్‌లో తెప్పిచ్చినావా అని అడగరా?"

"నేను ఎవరికీ ఇయ్యలేదు జ్యోతమ్మా. మా ఇంటి దేవుని మీద ఆన..."

"ఆనలు వద్దులేక్కా. ఆ ఫోటో ఆడ ఉన్నంతవరకు ఈ చీర నాకొద్దు. గృహప్రవేశం లోపల అది పోతే సరి. పోకుంటే నువ్వే కట్టుకో."

ఫోను మూగవోయెను. సుబ్బరత్నమ్మ వసారాలో కూలబడెను. చీర మిగిలిపోవునని కాదు. ధర్మవరపు చీరకు కట్టుకొనువారు కరవా? ఇన్నేండ్లుగా తన మాటను ఎవ్వరును త్రాసులో వేసి చూడలేదు. నేడు ముక్కు మొగము తెలియనివాడెవడో దానిని చిల్లపెంకు చేసి పోయినాడు. ఆమెకు ఏడుపు వచ్చెను. కాని దానికంటె ఒక అడుగు ముందు కోపము వచ్చి గడపలో నిలుచుటచేత ఏడుపునకు దారి దొరకలేదు.

ఆ విషాదసమయమున ప్రక్క ఇంట జాకెట్లు కుట్టు మిషను చప్పుడు ఆగెను. ఇరుగుపొరుగున చప్పుడు ఆగినదనిన చెవి ఇటు పెట్టినారని అర్థము. మరుక్షణమున పిట్టగోడమీదుగా గౌస్‌బీ శిరస్సు ఉదయించెను. ఈ గౌస్‌బీ యెవరనగా, యాప్‌లలో వస్తువులు తెప్పించి, నచ్చక త్రిప్పి పంపి, మరల తెప్పించి, మరల త్రిప్పి పంపుటలో ఆరితేరిన ప్రత్యర్పణమహారథి. పార్సిలు తెచ్చువాడు ఆమె వాకిట బండి ఇంజను ఆపడు. ఎట్లును వెనుకకు తీసుకొనిపోవలెను గదా యని వాని లెక్క.

"ఏమైందక్కా? ఎవరు సచ్చినారు?"

"నా మాట సచ్చిందే గౌసూ."

కథ విని గౌస్‌బీ గోడ దూకినంత పని చేసి, వాకిలి చుట్టి వచ్చి, ఫోను అందుకొని, వ్రేలితో నాలుగు దిక్కులు గాలించి, చోరుని స్థావరమును కనుగొనెను. 'స్వప్నమయూరి శారీ ప్యాలెస్' అని దానికి పేరు. ప్యాలెసు ఏ ఊరనున్నదో వ్రాయలేదు. కాని అందున్న ఫోటో మాత్రము నిస్సందేహముగా సుబ్బరత్నమ్మ తీసినదే! అదే దండెము, అదే సున్నము రాలిన గోడ, అవే చెనిక్కాయలు. ఇంటి గోడను పరాయి అంగడిలో చూచుకొనుటకంటె తలవంపు మరి యేమున్నది?

ప్రథమ సమరము ఫిర్యాదుల ద్వారమున జరిగెను. గౌస్‌బీ మీట నొక్కగా లోపలినుండి యంత్రము, 'ఈ ఫోటో మీదే అనడానికి ఆధారం ఏమిటి?' అని ప్రశ్నించెను. అంతట సుబ్బరత్నమ్మ కొంగు నడుమున దోపి, కన్నులనుండి నిప్పుకణములు రాల, "ఓరీ చిత్రచోరాధమా! పరుల చెమటను కత్తిరించి తన వాకిట అతికించుకొను పరాన్నపరాంబరభుజంగమా! ఆధారమా నీకు? ఈ గోడ ఆధారము, ఈ దండెము ఆధారము, ఈ దండెము కట్టిన నా పదివ్రేళ్లు ఆధారము!" అని దిక్కులు పిక్కటిల్ల సింహనాదము చేసెనని వ్రాయవలెనని కవికి ఎంతయో కోరిక. ఆమె నిజముగ అన్నది ఇంతే:

"వాని చేతులు పడిపోను! నా వాకిలి నాది గాదంట, ఆధారం కావాలంట!"

గౌస్‌బీ దానినే కొంచెము మర్యాదగా వ్రాసి పంపెను. యంత్రము రెప్పపాటు కాలము ఆలోచించి, 'ధన్యవాదాలు. మీ సమస్య పరిష్కరించబడింది' అని తీర్పు చెప్పి, తన సేవకు ఐదు నక్షత్రములు ఇమ్మని కూడ అడిగెను. ఫోటో ఉన్నచోటనే ఉన్నది. ఆ సమరమున మనవారు ఓడిరి. దాచుట యెందుకు?

సరిగా అప్పుడు లోపల మగ్గము ఆగెను. పండుగలకు తప్ప పగటివేళ ఆగని మగ్గము! స్త్రీలిద్దరును ఉలికిపడి చూడగా, నరసింహప్ప గుంటలోనుండి లేచి, వసారాలోనికి వచ్చి, భార్య భుజముమీదుగా ఫోనులోనికి తొంగి చూచి పలికెను.

"చెప్పు."

"ఏం చెప్పేది?" అనెను సుబ్బరత్నమ్మ.

"చెప్పు."

"చెప్పు చెప్పు అంటావు గానీ, ఏం చెప్పాలనో చెప్పవు! జ్యోతమ్మకు చెప్పాల్నా, పోలీసులకు చెప్పాల్నా?"

"నోటితో చెప్పేది కాదే. కాలికేసుకునే చెప్పు. ఫోటోలో చూడు. మన చెప్పు."

మూడు శిరస్సులు ఆ తెరమీదికి వంగెను. చీర కొంగునకు ప్రక్కగా, చెనిక్కాయలకు ఇంచుమించు ఆనుకొని, దూలమునుండి ఒక ఒంటి చెప్పు వ్రేలాడుచున్నది! సుబ్బరత్నమ్మ ఫోటో తీయునప్పుడు దానిని చూడలేదు. నిత్యము చూచునది కంటికి ఆనదు. చోరుడును చూడలేదు, వాని చూపు చీరమీద నున్నది.

ఆ చెప్పు వృత్తాంతము ఇట్టిది. నరసింహప్ప తోలుచెప్పుల జతలో ఎడమకాలిదానిని గౌస్‌బీ మేక ఒకనాడు ఫలహారము చేసెను. మిగిలిన కుడికాలిదాని పట్టీ తెగి యుండగా, ఆయన చేతికందిన వంకాయవన్నె పట్టుపోగుతో దానిని బిగించి, ఇంటికి దిష్టి తగులకుండ వసారా దూలమునకు కట్టెను. మగ్గమున్న గదిలోనికి చెప్పునకు ప్రవేశము లేదు. వసారాకు మాత్రము అదే కావలి. తెగిన చెప్పునకు పట్టుపోగు కట్టుట నేతయింట తప్ప మరెక్కడ జరుగును? జ్యోతిలక్ష్మి చీర నేయ మొదలుపెట్టిన నాటి పోగు అది! నేత చూడ వచ్చినప్పుడెల్ల ఆమెయు దాని క్రిందనే కూర్చుండెడిది.

"అల్లా! ఇది నా మేక తిన్నదాని జత గదా!" అని గౌస్‌బీ నోరు నొక్కుకొనెను. పిదప ఆమె కన్నులలో వ్యూహము మెరసెను. "అక్కా, ఫిర్యాదు చేస్తే ఆ మిషన్ మన మాట ఇనదు. కొంటామంటే ఇంటాది. ఉండు." చీర క్రింద కొనుగోలుదారులు సందేహము లడుగు స్థలమొకటి కలదు. గౌస్‌బీ అందు వ్రాసెను: 'చీరతో పాటు చెప్పు వస్తుందా?'

ఊపిరి తీసి విడుచునంతలో ప్యాలెసు యంత్రమునుండి ప్రత్యుత్తరము వచ్చెను: 'అవును మేడమ్! ఫోటోలో కనిపించేదంతా మీ ఇంటికి వస్తుంది. ఇప్పుడే ఆర్డర్ చేయండి!'

'గోడ కూడా వస్తుందా?'

'అవును మేడమ్! ఫోటోలో కనిపించేదంతా మీ ఇంటికి వస్తుంది.'

"వాని పాడుగాను! మా గోడ గూడా ఇచ్చేస్తాండాడే!" అని సుబ్బరత్నమ్మ లేచి గోడను ఒకమారు తడిమి చూచుకొనెను.

అటుపిమ్మట జరిగిన సైన్యసమీకరణమును ఏమని వర్ణింతుము! ఆ మధ్యాహ్నమే వీథి వీథి కదలెను. పప్పు రుబ్బుచున్నవారు రోలు విడిచిరి. పోగు చుట్టుచున్నవారు రాట్నము విడిచిరి. చేతనున్న పని విడువజాలని వారు ఒంటిచేత ఫోను పట్టిరి. చాడీలు చెప్పుటకు తప్ప ఎన్నడును ఏకము కాని ఎగువవీథియు దిగువవీథియు ఆనాడు ఒక్కటయ్యెను. ఎదురింటి సిద్దమ్మ, 'కుడికాలిదా, ఎడమకాలిదా?' అని శరసంధానము చేసెను. మూలయింటి పెద్దక్క, 'ఒంటికాలి మీద ఎట్ల నడుస్తారు నాయనా, జత ఈరా?' అని గద విసరెను. 'ఉతికితే రంగు పోతుందా?' అని ఒకతె. 'పెళ్లికి పనికొస్తుందా, పేరంటానికి పనికొస్తుందా?' అని ఒకతె. చీరను గురించి ఒక్కరును అడుగలేదు. ప్రతిదానికిని యంత్రము, అవును మేడమ్, అవును మేడమ్ అని తల ఆడించుచు, తన యజమాని గోతిని తానే శ్రద్ధగా త్రవ్వెను.

ఇంతలో రణరంగమున పిలువని పేరంటముగా ఒక సహాయుడు అవతరించెను. వజ్రకరూరు సుంకప్ప! తొలకరి పడినంతనే చేలలో వజ్రములకై తల వంచి తిరిగి తిరిగి చెప్పులు అరిగిన మహానుభావుడు. ఆయన నిజముగనే ఆ చీర తెప్పించి యుండెను. ఇట్లు వ్రాసెను: 'ఇంటిదానికి చీర, నాకు చెప్పు అనుకోని తెప్పిస్తి. చీర అట్ట మాదిరి ఉండాది. చెప్పు రానే లేదు. వాపసు తీసకపోండి.' ఆయన ఎవరో ధర్మవరమున ఎవ్వరికిని తెలియదు. అయినను ఆయన పేర గౌస్‌బీ అందరికిని టీ పోసెను.

మరునాడు ప్యాలెసులో కలవరము పుట్టెను. చోరుడు మొదట ఫోటోలోని చెప్పును కత్తిరింప జూచెను. చెప్పుతోబాటు చెనిక్కాయల కొంగు సగము తెగిపోయి, చీర ఎలుకలు కొరికినదానివలె కనబడెను. అది పనికిరాక, చెప్పుమీద ఒక గులాబి తామరపువ్వును అతికించెను. పువ్వు క్రిందనుండి చెప్పు మడమ తొంగి చూచుచునే యుండెను. 'పువ్వు వస్తుందా?' అని సిద్దమ్మ అడిగెను. 'అవును మేడమ్!' 'పువ్వు కిందున్న చెప్పు?' 'అవును మేడమ్!'

తుదకు యంత్రమును ప్రక్కకు నెట్టి చోరుడు స్వయముగ రంగమున దిగెను. 'ఎవరండీ మీరంతా? అది చెప్పు కాదు. చీర మాత్రమే అమ్ముతాం. ఆ సంగతి వదిలేయండి.'

గౌస్‌బీ ఫోను అందుకొనబోగా సుబ్బరత్నమ్మ ఆమె చేయి పట్టి ఆపెను. "ఇది నేను రాస్తా." కండ్లజోడు సవరించుకొని, చూపుడువ్రేలు ఒక్కటే ఆయుధముగా, ఒక్కొక్క అక్షరమును పోగు ముడివేసినట్లు వెదకి వెదకి పొడిచెను. వీథి యంతయు ఆమె చుట్టు మూగెను. వ్రాసినది ఇది:

'ఫోటో నాది. చీర నాది. చెప్పు మా ఆయనది. నీదేముందో నువ్వు చెప్పు.'

ప్యాలెసునుండి బదులు లేదు. యంత్రము కూడ అవును మేడమ్ అనలేదు.

ఆ నిశ్శబ్దమున, ఆమె ప్రశ్నకు దిగువన, మరియొక క్రొత్త ప్రశ్న వచ్చి వ్రాలెను. 'ఆ చెప్పు వంకాయ రంగు పట్టుపోగుతో కట్టిందేనా? అట్లయితే అది యాడుండాదో నాకు తెలుసు. — జ్యోతిలక్ష్మి, బుక్కరాయసముద్రం.'

సుబ్బరత్నమ్మ దానిని చదివెను. మరల చదివెను. పోగును గుర్తుపట్టినది! తన చీర పోగును, తన వాకిలిని, దానితోబాటు తన మాటను. గడపలో కావలియున్న కోపము ప్రక్కకు తొలగగా, నిన్నటినుండి దారి దొరకక నిలిచిన ఏడుపు ఇప్పుడు తీరికగా లోపలికి వచ్చెను. "ఏమక్కా, గెల్చేటప్పుడు ఏడుస్తాండావు?" అని గౌస్‌బీ గదిమి, తానును కన్నులు తుడుచుకొనెను.

పొద్దు వాలులోపల ఫోటో దిగిపోయెను! ఉన్నచోట తెల్లని గడి, అందులో ఒక్క వాక్యము: 'ఈ వస్తువు ప్రస్తుతం అందుబాటులో లేదు.' ఎగువవీథివారు ఈల వేసిరి, దిగువవీథివారు పళ్లెము మ్రోగించిరి, మేక కూడ ఒకమారు అరచెను. నరసింహప్ప మాత్రము మగ్గపు గుంటలోనికి దిగి, ఆగిన చోటినుండి టకటక మొదలుపెట్టెను.

గృహప్రవేశమునకు ముందునాడు జ్యోతిలక్ష్మి వచ్చెను. వసారాలో నిలిచి, లోపలికి రమ్మనినను రాక, తల వంచుకొనెను.

"తప్పు మాట అన్నానక్కా."

"నువ్వు అన్నది ఒక మాట. నేను పెట్టింది ఊరంతా చూసే స్టేటసు. ఎవరిది తప్పు? కూచో, కాపీ తాగు."

చీర విప్పి పరచిరి. కొంగుమీది చెనిక్కాయలను జ్యోతిలక్ష్మి అరచేతితో మెల్లగా నిమిరెను. తండ్రి కళ్లమున రాశి పోసిన కాయలను అట్లే నిమిరెడివాడని ఆమె చెప్పెను. పిదప ఆమె తల యెత్తి దూలమువైపు చూచెను.

"అక్కా, ఇంకొకటి అడుగుతా. లేదనొద్దు."

"ఏంది?"

"కొత్త ఇంటికి దిష్టి తగలకుండా గుమ్మడికాయ కడతారు, రాకాసి బొమ్మ కడతారు. నాకు అది కావాల." వ్రేలు చెప్పును చూపుచున్నది.

సుబ్బరత్నమ్మ లోపలనున్న మగనివైపు తొంగి చూచెను. లోపల మగ్గము మరల ఆగెను. నరసింహప్ప వచ్చి, స్టూలెక్కి, తన చేతులతోనే ముడి విప్పి, చెప్పును దులిపి, పాతగుడ్డలో చుట్టి జ్యోతిలక్ష్మి చేతికిచ్చెను.

"దీనికీ జత లేదమ్మా" అనెను.

ఓ జనులారా, వినుడు! ఇట్లు ధర్మవర వీరవనితలు చిత్రచోరుని మదమడంచి, ముల్లోకములందలి అంగళ్లనుండి అక్షరాలా ఒక్క ఫోటోను దింపిరి. లోకమున ఫోటోల దొంగలు తగ్గిరా యనిన, తగ్గలేదు. ఆ ప్యాలెసులోనే ఇప్పుడు మరెవరి వాకిటిదో ఇంకొక చీర వెలసినది. దాని అంచుప్రక్క ఒక కోడిపుంజు నిలిచియున్నది. 'పుంజు వస్తుందా?' అని గౌస్‌బీ ఇప్పటికే అడిగి యున్నది. కాని బుక్కరాయసముద్రమున, చెరువుగాలి తగులు క్రొత్త ఇంటి గడపలో, వంకాయవన్నె చీర కట్టి జ్యోతిలక్ష్మి పాలు పొంగించుచుండగా, ఆమె తలపైన చూరునుండి ఒంటి చెప్పు ఠీవిగా ఊగుచుండెను. ప్యాలెసువాడు ఇచ్చి తప్పిన మాటను సుబ్బరత్నమ్మ నిలబెట్టెను. ఫోటోలో కనిపించినదంతయు ఆ ఇంటికి చేరెను, గోడ ఒక్కటి తప్ప.